నిప్పు క్రియలు, కర్త ప్రశ్న: బ్రౌన్ నిఘంటువు నుంచి సీమ కథ దాకా

ఆంగ్లంలో 'కిండిల్' అనే క్రియ రెండు పనులు చేస్తుంది. పొయ్యిలో నిప్పు పుట్టించడం ఒకటి. మనసులో ఆసక్తినో అనురాగాన్నో ఆగ్రహాన్నో మేల్కొలపడం రెండోది. పదజాలం వల్లెవేసే విద్యార్థికి ఈ రెండర్థాలూ ఒకే వరుసలో కనిపిస్తాయి. 2007లో అమెజాన్ సంస్థ తన పుస్తక పఠన పరికరానికి ఈ పేరు పెట్టుకున్నది కూడా రెండో అర్థాన్ని నమ్ముకునే. తెలుగులో ఆ స్థానంలో నిలపగల ఒక్క మాట లేదు. ముట్టించు, అంటించు, వెలిగించు, రాజేయు, రగుల్చు, రేపు, ఎగదోయు అని ఏడెనిమిది మాటలు పోటీ పడతాయి. వాటిలో ఏ ఒక్కటీ మరొకదాని పనిని పూర్తిగా చేయలేదు. ద్విభాషా నిఘంటువులు సాధారణంగా ఈ మాటలన్నిటినీ వరుసగా పేర్చి ఊరుకుంటాయి. వాటి మధ్య పని ఎట్లా పంపిణీ అయిందో గమనిస్తే, రాయలసీమ సాహిత్యాన్ని గురించి విమర్శకులు అలవాటుగా వాడుతున్న ఒక వాక్యనిర్మాణాన్ని ప్రశ్నించవలసి వస్తుంది. ఈ వ్యాసం ఉద్దేశించినది ఆ ప్రశ్ననే.

కడపలో ఒక అభ్యాసకుడు

తెలుగు క్రియలను పరభాషీయుడు ఓపికగా నేర్చుకున్న సందర్భానికి కడప పట్టణమే ప్రసిద్ధ సాక్ష్యం. 1798లో జన్మించిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1820లో కడప కలెక్టరు వద్ద సహాయకుడిగా చేరాడు. అక్కడ బంగళా కొని, పండితులను పోషించి, తాళపత్ర ప్రతులను సేకరింపజేసి, శుద్ధప్రతులు రాయించాడు. ఆ బంగళా స్థలంలోనే నేడు బ్రౌన్ పేరిట భాషా పరిశోధన కేంద్రం నడుస్తున్నది. 1829లో వేమన పద్యాలనూ, 1851లో జూలూరి అప్పయ్య వ్యాఖ్యతో మనుచరిత్రనూ ప్రకటించాడు. నిఘంటువుల ప్రచురణ 1852లో మొదలైంది. కచేరీలలో, న్యాయస్థానాలలో వాడే అన్యదేశ్యాలకు వేరుగా మరో నిఘంటువు కూర్చాడు. కావ్యభాషతో పాటు నోటి మాటకూ చోటిచ్చిన పని అది.

ఈ వ్యాసానికి బ్రౌన్ కృషిలో పనికివచ్చేది ఒక చిన్న పద్ధతి. ప్రతి క్రియ పక్కనా అది అకర్మకమా, సకర్మకమా అని ఆయన సూచిస్తాడు. తెలుగువాడికి ఆ సూచన అక్కరలేదు. మాట వినగానే తెలుస్తుంది. పరభాషీయుడికి మాత్రం అదే ప్రాణం. 'రాజు' అనే రూపాన్ని చూసి అతడు ఏలికను తలచుకోవచ్చు. అది మండు అనే అర్థంలో అకర్మక క్రియ అనీ, దానికి సకర్మకం కావాలంటే 'వేయు' చేర్చి రాజవేయు అనాలనీ, వాడుకలో అది రాజేయు అయిందనీ అతడికి ఎవరో చెప్పాలి. రగులు–రగుల్చు, రేగు–రేపు, మండు–మండించు, వెలుగు–వెలిగించు అన్న జంటలూ అట్లాంటివే. వీటిలో పొట్టి రూపం, అంటే మూల రూపం, అకర్మకమే. నిప్పు తనకు తాను చేసే పని ధాతువులో ఉన్నది. మనిషి చేసే పని ప్రత్యయంగానో సహాయక్రియగానో తర్వాత వచ్చి చేరింది. పరాయివాడి సౌకర్యానికి పెట్టిన ఈ గుర్తు, తెలుగు విమర్శకుడు కూడా తన వాక్యాల పక్కన పెట్టి చూసుకోదగినది.

తాకే క్రియలు, లేచే క్రియలు

నిప్పు క్రియలలో రెండు కుటుంబాలు స్పష్టంగా కనబడతాయి. ముట్టు, అంటు, తగులు అనేవి మొదటి కుటుంబం. ఈ మూడింటికీ మూలార్థం తాకడమే. బీడీ ముట్టించినా, వామికి అంటించినా, కొంపకు తగలబెట్టినా జరిగినది స్పర్శ. ఒకచోట ఉన్న నిప్పు మరోచోటికి చేరింది. అంటువ్యాధి, ముట్టు, అంటు అన్న మాటల్లో ఉన్న భయం ఈ నిప్పు మాటల్లోనూ ఉన్నది. నిప్పు ఎక్కడినుంచో వచ్చింది, ఎవరో తెచ్చారు అని ఈ కుటుంబం ఎప్పుడూ గుర్తు చేస్తుంది.

రెండో కుటుంబం రగులు, రాజు, రేగు. వీటిలో తాకిడి లేదు. లోపల ఉన్నది పైకి రావడమే వీటి అర్థం. నివురు గప్పిన నిప్పు అన్న నానుడి ఈ కుటుంబానిదే. రాత్రి కప్పెట్టిన నిప్పుకల మీది బూడిదను తెల్లవారి తొలగించి, చిదుగులు వేసి, ఊదుగొట్టంతో ఊదితే నిప్పు రాజుకుంటుంది. అది కొత్త నిప్పు కాదు, నిన్నటిదే. కందికట్టె, పత్తికట్టె, ముళ్లకంప పొయ్యిలోకి పోయే మెట్ట పల్లెల్లో ఈ తేడా ఇంటి ఆడవాళ్లందరికీ తెలిసినదే. అగ్గిపెట్టె పుల్ల గీసి చేసేది ముట్టించడం. నివురు తీసి చేసేది రాజేయడం. కర్నూలు, కడప పల్లెల్లో మొహర్రం నాడు పీర్ల సావిడి ముందర గుండం తవ్వి కులమత భేదం లేకుండా కట్టెలు వేసే వాడుక ఉన్నది. ఆ నిప్పు పదిమంది ఎదుట పెట్టిన నిప్పు. దాని కర్త అందరికీ తెలిసినవాడు.

భావాల మాటకు వచ్చినప్పుడు ఈ రెండు కుటుంబాలూ సమానంగా పనిచేయవు. పగ రగులుతుంది, ద్వేషం రగులుతుంది, అవమానం రగులుతుంది. ఆసక్తి రగలదు. రగిలిందని రాస్తే అది అనువాదపు తెలుగు అని ఇట్టే తెలిసిపోతుంది. ఆసక్తి కలుగుతుంది, లేదా రేకెత్తుతుంది. రేపు అనే క్రియకు నిప్పు ఒక్కటే సొంతం కాదు. దుమ్ము, గాయం, జుట్టు, దుమారం కూడా దానికి చెందినవే. అందుకే ఆశ రేపడంలో కాస్త మోసపు వాసన కూడా ఉంటుంది. ఆంగ్లం మెత్తని భావాలకు కూడా నిప్పు వాడుకున్న చోట తెలుగు మొక్కను వాడుకున్నది. ఆశ చిగురిస్తుంది, ప్రేమ మొలకెత్తుతుంది, అనుమానం కూడా మొలకెత్తుతుంది. చలిదేశంలో నిప్పు ఆప్యాయమైనది కావడం, ఎండదేశంలో చిగురు ఆప్యాయమైనది కావడం సహజమేనని తేల్చేయవచ్చు. కాని వాతావరణాన్ని బట్టి భాషకు కారణం చెప్పే వాదం ఎప్పుడూ సగమే నిలుస్తుంది. అదే తెలుగు వెలుగు అనే మాటను జ్ఞానానికీ ఇంటి దీపానికీ ఎంతో ప్రేమగా వాడుకున్నది.

ఈ పట్టికలో ఒక నానుడిని ప్రత్యేకంగా చెప్పుకోవాలి. తిండికి లేని ఇంటిని గురించి పొయ్యిలో పిల్లి లేవలేదు అంటారు. ఆరిన పొయ్యి వెచ్చదనం కోసం పిల్లి పడుకున్నది; నిప్పు రాజేసేవారు లేక అది అక్కడే ఉన్నది. నిప్పు పుట్టించడమూ మేల్కొల్పడమూ అనే రెండర్థాలను తెలుగు ఒక్కచోట కలిపినది ఇక్కడే. కలిపినప్పుడు లేవవలసినది భావం కాదు, పిల్లి. ధాత కరువు (1876–78) మొదలు కరువులను తరతరాలుగా ఎరిగిన ప్రాంతంలో ఈ మాటలోని హాస్యం ఎంత చేదో వేరే చెప్పనక్కరలేదు.

ఉద్దీపనం

సాహిత్యశాస్త్రం తన సొంత పరిభాషలో నిప్పును ఎప్పుడో చేర్చుకున్నది. విభావాన్ని అలంకారికులు ఆలంబనం, ఉద్దీపనం అని రెండుగా విభజించారు. ఎవరిని ఆశ్రయించి భావం పుడుతుందో అది ఆలంబనం. పుట్టినదాన్ని ప్రజ్వలింపజేసే వెన్నెల, వనం, మలయమారుతం వంటివి ఉద్దీపనాలు. ఉద్దీపన శబ్దంలోని ధాతువు దీపించడమే. ఇక్కడ శాస్త్రకారుల జాగ్రత్త గమనింపదగినది. ఉద్దీపనం భావాన్ని పుట్టించదు, ఉన్నదాన్ని మండిస్తుంది. తెలుగు మాటల్లో చెప్పాలంటే అది ముట్టించదు, రాజేస్తుంది. స్థాయిభావం నివురు గప్పి ఉన్నది గనుకనే ఉద్దీపనానికి పని ఉన్నది.

మనుచరిత్రలో ఈ నిప్పు పరిభాషగా మిగలక పాత్రగా మారింది. అల్లసాని పెద్దనకు కడప సీమతో ఉన్న అనుబంధం, కోకటం అగ్రహారం విషయం ప్రసిద్ధమే. హిమాలయంలో దారి తప్పిన ప్రవరుడు వరూధినిని తిరస్కరించి అగ్నిదేవుణ్ణి ప్రార్థిస్తాడు. అగ్ని అతనిలో ప్రవేశించగా ఇల్లు చేరుకుంటాడు. నిత్యాగ్నిహోత్రికి నిప్పు ఇంటికి దారి. కాని ఆ అగ్ని ప్రవేశంతో ద్విగుణమైన అతని తేజస్సే వరూధినికి విరహాన్ని పెంచింది. ప్రవరుడి రూపు ధరించి వచ్చిన గంధర్వుణ్ణి ఆమె నమ్మడానికీ, పుట్టిన బిడ్డ స్వరోచి తేజోవంతుడు కావడానికీ మూలం ఆమె మనసున నిలిచిన ఆ వెలుగే. ఒకే అగ్ని ఒకరిని గృహస్థధర్మంలోకి చేర్చింది, మరొకరిని కాల్చింది. ఈ ఘట్టాన్ని ప్రవరుడి నిష్ఠకు ప్రశంసగానో, వరూధిని పట్ల సానుభూతిగానో చదవడం పరిపాటి. అగ్నిని కర్తగా పెట్టి చదివితే బాధ్యత ఎక్కడ ఉన్నదనే ప్రశ్న ముందుకు వస్తుంది. ప్రవరుడు నిప్పును పిలిచింది తన కోసం. దాని వేడి ఎవరికి తగిలిందో అతడు వెనుదిరిగి చూడలేదు. పెద్దన దీన్ని నేరంగా చూపలేదు; దాచనూ లేదు. నిప్పుకు కర్త ఉన్నాడన్న సంగతి ఆ కథానిర్మాణంలోనే ఉన్నది.

కర్త లేని నిప్పు

ఇప్పుడు సమకాలీన వాక్యాన్ని చూడవచ్చు. ఊళ్లో కక్షలు రాజుకున్నాయి. రెండు వర్గాల మధ్య పాత పగలు మళ్లీ భగ్గుమన్నాయి. సీమ పల్లెలు రగులుతున్నాయి. ఈ తీరు వాక్యాలు పత్రికల్లో నిత్యం కనిపించేవే. నీళ్ల గురించి కూడా ఇదే భాష. తుంగభద్ర మీద సుంకేసుల దగ్గర మొదలై పెన్న దాకా వచ్చే కర్నూలు–కడప కాలువ నీటి పంపకం గురించి తగాదా వస్తే, నీళ్ల వివాదం రాజుకున్నదనే రాస్తారు. నీళ్లు మండడంలోని విడ్డూరం ఎవరికీ తట్టదు. ఆ రూపకం అంతగా అరిగిపోయింది.

ఈ వాక్యాలన్నీ అకర్మకాలు. అందులోనూ 'కొను' చేరిన రూపాలు. కొను అనేది చేసిన పని ఫలితం చేసినవాడికే చెందుతుందని చెప్పే సహాయక్రియ. వండుకొను, కట్టుకొను అన్నప్పుడు దాని పని అదే. రాజుకొను, అంటుకొను, రగులుకొను అన్నప్పుడు నిప్పే కర్త, నిప్పే భోక్త అవుతుంది. పగకు ఈ క్రియను చేర్చగానే పగ తనంతట తాను పుట్టి, తనను తాను పోషించుకునే ప్రకృతిశక్తిగా మారిపోతుంది. ఎవరు, ఎందుకు, ఏ ప్రయోజనం కోరి అన్న ప్రశ్నలకు వాక్యంలో చోటు మిగలదు. చోటు లేనిది అడగడం పాఠకుడికి అలవాటు కాదు.

పండిత పత్రికలోనూ, పత్రికా రచనలోనూ ఇట్లా మాయమైన కర్తను పల్లె మాట జాగ్రత్తగా కాపాడుతూ వచ్చింది. పుల్లలు పెట్టడం అన్న నానుడిలో కర్త తప్పనిసరి. ఎగసన దోయడం, ఎగదోయడం కూడా అంతే. పొయ్యిలో కాలుతున్న కట్టెను ముందుకు తోసేవాడు లేకుండా ఆ క్రియ జరగదు. చిచ్చు పెట్టాలన్నా చెయ్యి కావాలి. ఆజ్యం పోయడం యజ్ఞశాల నుంచి వచ్చిన మాట అయినా దానికీ పోసేవాడు ఉన్నాడు. తగాదా వచ్చిన ఊళ్లో పెద్దవాళ్లు మొదట అడిగేది పుల్లలు పెట్టినవాడు ఎవడని. మరుసటి రోజు అచ్చులో వచ్చేది మాత్రం కక్షలు రాజుకున్నాయని. ఈ రెండు వాక్యాల నడుమ జారిపోయినది మాండలికం కాదు, నేరవిచారణ.

చరిత్ర రచన కూడా ఇందుకు అతీతం కాదు. 1846 జులైలో కోయిలకుంట్ల ఖజానా మీద దాడి, 1847 ఫిబ్రవరి 22న అదే కోయిలకుంట్లలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి ఉరి – ఈ రెంటి నడుమ జరిగిన తిరుగుబాటును వర్ణించేటప్పుడు స్వాతంత్ర్యాగ్ని రగిలింది, విప్లవజ్వాల ఎగసింది అన్న మాటలు ముందు వస్తాయి. 2019లో వచ్చిన చలనచిత్రం ఆ జ్వాలను తెర నిండా చూపింది. ఆ నిప్పు వెనుక భరణం విషయంలో జరిగిన అవమానం ఉన్నది. మాన్యాలు పోగొట్టుకున్న కట్టుబడుల ఆక్రోశం ఉన్నది. కుంఫిణీ రెవెన్యూ నిర్ణయాలు ఉన్నాయి. రగిలింది అన్న అకర్మకం వీరుడికి గౌరవం చేస్తున్నట్టే ఉంటుంది. చూడబోతే దానివల్ల మేలు జరిగినది కుంఫిణీకే. రగుల్చిన చెయ్యి వాక్యం నుంచి తప్పుకున్నది.

1999 నాటి 'సమరసింహారెడ్డి' తర్వాత వరుసగా వచ్చిన ఫ్యాక్షన్ చిత్రాలు సీమ మనిషికి ఒకే ఒక స్థాయిభావాన్ని కేటాయించాయి. అది ఎప్పుడూ రగులుతూనే ఉండాలి. చిత్రాలను తప్పుపట్టడం సులభం. సాహిత్య విమర్శ కూడా అదే పరిభాషను ప్రశంసగా వాడుతున్నదన్నది అంతకన్నా ఇబ్బందికరమైన సంగతి. పాఠకుల గుండెల్లో నిప్పు రగిల్చే కథ, అక్షరాలను నిప్పుకణికలు చేసిన రచయిత అన్నవి సీమ కథాసంపుటాల ముందుమాటల్లో ఎదురుపడే మెచ్చికోళ్లు. కోస్తా రచయితకు వెన్నెల, సీమ రచయితకు నిప్పు అన్న వాటా ఎవరు వేశారో తెలియదు.

కేతు విశ్వనాథరెడ్డి కథలు ఈ వాటాను అంగీకరించవు. కడప జిల్లా రంగశాయిపురంలో 1939లో పుట్టిన ఈయన పరిశోధకుడిగా చేసిన పని కడప జిల్లా ఊర్ల పేర్ల మీద. మాట ఎక్కడి నేలలో పుట్టిందో వెతికే అలవాటు కథల్లోకీ వచ్చింది. 1996లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం పొందిన ఆయన కథలలో ఆవేశం గొంతు పెంచదు. 'జప్తు' అన్న పేరే చూడవచ్చు. అది కచేరీ మాట. ఒక అధికారం ఒకరి సొత్తు మీద చేసే పని. జప్తు తనంతట తాను జరగదు. చేసేవాడు ఉంటాడు, కాగితం ఉంటుంది, తేదీ ఉంటుంది. సీమ దుఃఖానికి నిప్పు మాట కాక కచేరీ మాటను పేరుగా ఎంచుకోవడంలో ఒక నిర్ణయం ఉన్నది. ఆయన కథల నిగ్రహాన్ని కొందరు తీవ్రత లేకపోవడంగా భావించారు. తీవ్రత అంటే మంట అనుకున్నప్పుడు అట్లాగే కనిపిస్తుంది. నిజానికి ఆ నిగ్రహం కర్తను వెతికే ఓపిక.

సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' (2019) మరో దారి. కరువుకు గొర్రెలను తోలుకొని నల్లమల ఎక్కే కాపరుల నవల అది. ఉద్యోగ పరీక్షల్లో జంకి వెనుదిరిగిన యువకుడిలో అడవి ధైర్యాన్ని మేల్కొలుపుతుంది. మేల్కొలుపు కథలకు నిప్పు రూపకం తయారుగా ఉంటుంది. ఈ నవలకు దాని అవసరం అంతగా పడలేదు. ధైర్యం ఇక్కడ ఒక్క క్షణంలో భగ్గుమనదు. నీటి వనరు వెతుక్కోవడం, మేత చూడడం, మంద లెక్క తప్పకుండా కాపాడుకోవడం, పులి భయంతో రాత్రి గడపడం – ఇట్లా రోజుకింత పోగవుతుంది. పైగా ఎండిన గడ్డి ఉన్న కొండ మీద నిప్పు కాపరికి రూపకం కాదు, ప్రమాదం. అలంకార పరిభాషలో చెప్పాలంటే ఇందులో ఉద్దీపనం వెన్నెలా కాదు, మంటా కాదు, అది నీటిచెలమ. సీమ సాహిత్యానికి ఉద్దీపన విభావాల పట్టిక ఎవరైనా కొత్తగా రాయదలచుకుంటే మొదలుపెట్టవలసినది ఇక్కడినుంచి.

ఇందుకు ఒక ఆక్షేపణ రావచ్చు. అకర్మకం ప్రతిసారీ అబద్ధమా? కాదు. ఎండ మండుతుందన్నప్పుడు మండించేవాణ్ణి వెతకనక్కరలేదు. కడుపు మండుతున్నదన్న పేదవాడి వాక్యంలో కర్త లేకపోవడమే దాని బలం. తన బాధకు అతడు సాక్ష్యం మాత్రమే చెబుతున్నాడు, తీర్పు చెప్పడం లేదు. బాధ పడేవాడి నోట అకర్మకం నిజాయితీ, బాధను వర్ణించేవాడి నోట అదే తప్పించుకోవడం అయ్యే అవకాశం ఉన్నది. కథకుడు పాత్ర చేత ఒకటి అనిపించి, కథనంలో మరొకటి పాటించగలగాలి. ఈ విభజన సరిగా కుదరని కథల్లో పాత్ర ఆక్రోశమూ రచయిత వ్యాఖ్యానమూ ఒకే మంటగా కలిసిపోయి, చివరకు పాఠకుడికి వేడి తప్ప మరేమీ మిగలదు.

చిగురు మాట

మెత్తని భావాలకు తెలుగు మొక్కను నమ్ముకున్నదని పైన చెప్పుకున్నాం. విత్తినది మొలవని నేలలో ఆ రూపకానికి ఏమవుతుందన్నది ఇంకా ఎవరూ సరిగా విచారించని ప్రశ్న. వేంపల్లి గంగాధర్ తన కథాసంపుటికి 'మొలకల పున్నమి' అని పేరు పెట్టినప్పుడు (2011 యువ పురస్కారం) మొలక అలంకారం కాలేదు. అది మట్టిలో పోసి, నీళ్లు చల్లి, వస్తుందో రాదో అని చూసే మొలక. ఆశ చిగురించింది అని కృష్ణా డెల్టా కథకుడు రాస్తే అది అలవాటు వాక్యం. కర్నూలు పడమటి మెట్టలో వేరుశనగ విత్తి మేఘం కోసం ఎదురుచూసే రైతు గురించి అదే వాక్యం రాస్తే అది వ్యవసాయ సమాచారం. నిజమో కాదో వారం రోజుల్లో తేలిపోతుంది.

అనువాదకుడి ముందు ఈ చిక్కు మరోలా వస్తుంది. సీమ కథను ఆంగ్లంలోకి తెచ్చేవారు పుల్లలు పెట్టాడు అన్న దాన్ని 'కిండిల్' అనే క్రియతో అనువదిస్తే అర్థం దాదాపు సరిపోతుంది, కర్త కూడా దక్కుతాడు. కక్షలు రాజుకున్నాయి అన్నదానికి సైతం అదే క్రియ అకర్మకంగా సరిపోతుంది. తెలుగులో రెండు నిఘంటు ప్రవేశాలుగా, రెండు నైతిక దృష్టులుగా ఉన్నవి ఆంగ్లంలో ఒకే మాటలో ఒదిగిపోతాయి. ఆ ఒదుగుబాటును అడ్డుకోవడానికి అనువాదకుడి దగ్గర ఉన్నది బ్రౌన్ వాడిన ఆ చిన్న గుర్తే: క్రియ పక్కన అకర్మకమా, సకర్మకమా అని రాసుకోవడం. రెండోదైతే, చేసినవాడి పేరు వాక్యంలో కనిపిస్తున్నదో లేదో చూసుకోవడం.